నెమలికంఠం రంగు చీర

"ఇదేం రంగు? నువ్వే చెప్పు బిడ్డా, ఇదేం రంగు?"

ఒక చేతిలో చీర, ఇంకో చేతిలో ఫోను పట్టుకుని బాలకిషన్ సేటు శాలిబండలోని ఆ మేడమీది గదిలోకి దూసుకొచ్చాడు. ఆయనది చీరల హోల్‌సేల్ దుకాణం. ఆ చీరలకు ఫోటోలు తీసి, కంప్యూటర్‌లో రంగులు సరిదిద్ది ఇచ్చే పని తన్మయిది.

"నెమలికంఠం, సేట్," అంది తన్మయి చీర చూసి.

"మరి గిది?" అంటూ ఫోను ఆమె ముక్కు దగ్గర పెట్టాడు.

ఫోనులో అదే చీర నిగనిగలాడే వంకాయ రంగులో ఉంది.

"పొద్దుగాల జిల్లాల దుకాణాలకన్నిటికి గీ ఫోటోనే పంపిన. మా ఇంట్లామె చూసి చెప్పేదాక నాకూ తెల్వలె. వంకాయ చూపెట్టి నెమలికంఠం పంపితె నా ఇజ్జత్ ఏంగావాలె? గంట టైమిస్తున్న. సరిచేస్తివా, సరే. లేకుంటే ఏడాది పని అఫ్జల్‌గంజ్ స్టూడియోకే ఇస్త."

ఏడాది పని! దాన్ని నమ్ముకునే తన్మయి పోయిన నెలలో ఉద్యోగం మానేసింది. కంప్యూటర్ తెర మీద ఫోటో తెరిచి, పక్కన చీర పరిచింది. రెండూ అచ్చం నెమలికంఠమే.

"ఇక్కడ మంచిగనే ఉన్నది కద సేట్!"

"అయితే నీ కంప్యూటర్ నెత్తిన పెట్టుకొని జిల్లాలన్ని తిరగాల్నా?"

తన్మయి తన ఫోనులో చూసింది. వంకాయ. వంటింట్లో ఉన్న అత్తగారి ఫోను తెచ్చి చూసింది. వంకాయ. మూడు ఫోన్లదీ ఒకటే మాట, తెర ఒక్కదానిదే వేరే మాట. అబద్ధం చెబుతున్నది తెరేనన్నమాట! దొంగ ఇంట్లోనే ఉన్నాడని తెలిసేసరికి ఆమెకు భయం పోయి పంతం పట్టుకుంది.

ఏ రంగును ఎలా చూపాలో తెరకు చెప్పే లెక్క ఒకటి కంప్యూటర్‌లో ఉంటుంది. దాన్ని ప్రొఫైల్ అంటారు. అది చెడిపోయి ఉంటుందనుకుని తీసి పారేసి, కొత్తది చేయడానికి కూర్చుంది. గుప్పిట్లో పట్టేంత సెన్సర్‌ను తెరకు ఆనించి వేలాడదీసింది. తెర ఎరుపు, పచ్చ, నీలం ఒక్కొక్కటిగా చూపిస్తుంటే సెన్సర్ కొలుచుకుంటూ పోయింది. ఐదు నిమిషాల్లో ప్రొఫైల్ తయారైంది. తెర మీద ఫోటో మాత్రం మళ్లీ నెమలికంఠమే! అంటే తెర ఇంకా అబద్ధమే ఆడుతోంది.

వైరు మార్చి మళ్లీ కొలిచింది. అదే తంతు. కంప్యూటర్ ఆపి, మళ్లీ పెట్టి మూడోసారి కొలిచింది. ఊహూఁ.

"ఇంక ఇర్వై నిమిషాలే ఉన్నయి," అన్నాడు సేటు గడియారం చూసి.

చిరాగ్గా సెన్సర్ లాగేసరికి, అది ఆనిన చోట తెర మీద చిన్న ఎర్రని మరక కనిపించింది. తన్మయి దాన్ని వేలితో తుడిచి వాసన చూసింది. గబుక్కున సెన్సర్ వెనక్కి తిప్పింది. రంగులు కొలిచే గాజు మీద, గుండ్రంగా, లక్షణంగా, పసుపు మీద కుంకుమ బొట్టు!

"అత్తమ్మా!"

రమాబాయి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏందమ్మా, గంత లొల్లి?"

"దీనికి బొట్టు మీరు పెట్టిన్రా?"

"దసరనాడు ఆయుధపూజ గాదే? కంప్యూటర్‌కు పెట్టిన, కెమెరాకు పెట్టిన, ప్రింటర్‌కు పెట్టిన. చిన్నదని దీన్నొక్కదాన్ని ఇడిశిపెడ్తమా? అద్దం ఉన్న దిక్కే ముఖమనుకొని పెట్టిన."

తన్మయికి కోపం రాలేదు, పొట్ట చెక్కలయ్యేలా నవ్వొచ్చింది. దసరా తర్వాత తెరను కొలిచినప్పుడు, బొట్టు పెట్టించుకున్న సెన్సర్‌కు లోకమంతా ఎర్రగా కనబడింది. ఎరుపు ఎక్కువైందని అది తెరలో ఎరుపు తగ్గించింది. ఆ సంగతి తెలియక తన్మయి ఫోటోలో ఎరుపు పెంచింది. నెమలికంఠం కాస్తా వంకాయ అయి కూర్చుంది.

గాజును మెత్తటి గుడ్డతో తళతళలాడేలా తుడిచి నాలుగోసారి కొలిచింది. ఐదు నిమిషాలు ముగ్గురూ రెప్ప వేయలేదు. ఉన్నట్టుండి తెర రంగు మారింది. ఫోటోలోని చీర వంకాయ రంగుకు తిరిగింది.

"వచ్చింది! వంకాయ వచ్చింది!" తన్మయి కుర్చీలోంచి ఎగిరి గంతేసింది.

"ఖరాబైతె గింత సంబురమేంది?" సేటు తల పట్టుకున్నాడు.

"ఖరాబు గాదు సేట్, తెర ఇప్పుడే నిజం చెప్తున్నది!"

ఇక ఆమె వేళ్లు ఆగలేదు. ఫోటోలో ఎరుపు తగ్గించి, నీలాన్ని సరిచేసి సేటు ఫోనుకు పంపింది. ఆయన చీరనూ ఫోనునూ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఎండలో పక్కపక్కన పెట్టి చూశాడు. అచ్చం నెమలికంఠం!

"షాబాష్ బిడ్డా! ఏడాది పని నీదే." అక్కడే నిలబడి అన్ని దుకాణాలకూ కొత్త ఫోటో పంపాడు. పొద్దుటి రంగు తప్పు, అసలు రంగు ఇదీ అని రాశాడు కూడా. తన్మయి సంతోషం పట్టలేక అత్తగారిని గట్టిగా వాటేసుకుంది.

రెండు నిమిషాలకే సేటు ఫోను మోగింది. ఆయన అందరికీ వినబడేలా పెట్టాడు.

"సేట్, కరీంనగర్ నుంచి రామ్‌చందర్‌ను. గీ కొత్త రంగు మాకొద్దు, దుకాణంల మస్తున్నది. పొద్దుగాల పెట్టినవు సూడు, గా వంకాయ రంగు! గసొంటిది యాడ సూడలె. నూటయాభై పంపు."

అది పెట్టేయగానే వరంగల్ నుంచి మోగింది. వాళ్లకూ వంకాయే కావాలట. ఆ వెనకే నిజామాబాద్. సేటు ఒకసారి చీర వంక, ఒకసారి తెర వంక చూశాడు.

"సేట్... నా పని?" అని అడిగింది తన్మయి.

"నేతోళ్లకు చెప్పి గా రంగు నేను నేయిస్త గాని," అంటూ సేటు రమాబాయి వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "అక్కా, ఇంక పదకొండు చీరెల ఫోటోలున్నయి. జర ఆ మిషన్‌కు మళ్ల బొట్టు పెట్టుండ్రి!"