నాలుగో బాతుపిల్ల

వాకిలి ఊడ్చి లోపలికొచ్చిన రాములమ్మ గడప మీదే ఆగిపోయింది. కోడలు అమృత చేతిలో బాతుపిల్ల మెడ వాల్చేసి ఉంది.

"ఏం జేసినవే దాన్ని?"

"నేనేం జేస్త అత్తమ్మా? నీళ్లు మారుద్దామని గంప లేపిన. అప్పటికే పానం పోయింది."

"రోజు నువ్వు లేపినప్పుడే పోతదా పానం?"

అమృత కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ కన్నీళ్ళు చూసేసరికి రాములమ్మకు ఒళ్ళు మండిపోయింది.

మనవరాలు దీప ముచ్చటపడిందని కొడుకు జీవన్ ఉప్పల్ రింగురోడ్డు దగ్గర నాలుగు బాతుపిల్లల్ని కొనుక్కొచ్చాడు. వాటిలో ఇది మూడోది. మూడింటినీ చచ్చాక మొదట చూసింది అమృతే. జీవన్‌కు రెండో పెళ్ళామై చిల్కానగర్‌లోని ఈ ఇంట్లో కాలుపెట్టి నెల తిరగలేదు, అప్పుడే ఇంట్లో చావులు మొదలు. సవతి తల్లి కళ్ళు ఎలాంటివో రాములమ్మకు ఇంకొకరు చెప్పాలా?

దీప మిగిలిన ఒక్కదాన్నీ గౌనులో పొదువుకుని వచ్చింది.

"నానమ్మా, ఇది గూడ సచ్చిపోతదా?"

"నా పానం ఉండంగ గట్ల కానియ్య బిడ్డా."

ఉత్త మాట కాదది. చంటిపిల్లల్ని సాకినట్టే సాకుతోంది వాటిని. తౌడు తడిపి పెడుతుంది. పొద్దుగూకగానే గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి ఒళ్ళు తుడుస్తుంది. ఉప్పు, మిరపకాయలు తిప్పి దిష్టి తీస్తుంది. దీపకు పసితనంలో చేసినట్టే సాంబ్రాణి వేసి, చలిగాలి తగలకుండా కిటికీ మూసి పడుకోబెడుతుంది. ఒక పిల్ల పోయినకొద్దీ ఈ సేవ ఇంకాస్త ఎక్కువ చేస్తూనే ఉంది. ఇంత చేసినా నిలవడం లేదంటే అమృతవి మామూలు కళ్ళు కావు.

దానికితోడు కిటికీ సంగతి. తాను మూస్తుంది, అమృత పోయి తెరుస్తుంది. నిన్న నిలదీస్తే ఏమందో తెలుసా?

"వాటికి గాలి ఆడ్తలేదు అత్తమ్మా. నోర్లు తెరుస్తున్నయి."

గాలి ఆడటం లేదట! చలికి బిగుసుకుని చావాలని తెరుస్తోందని రాములమ్మకు అర్థం కాదా?

నాచారం ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్ దిగి జీవన్ వచ్చేసరికి ఆమె గుమ్మంలోనే కాచుకుని ఉంది.

"మూడోది గూడ పోయింది. ఇంకేం సూస్తవ్?"

"అమ్మా, రోడ్డు మీద కొన్న పిల్లలు. మస్తు నాజూకుంటయి."

"నాకు జెప్తున్నవా? ఊర్ల గంపల కొద్ది కోళ్ళను సాదిన. ఇయ్యాల బాతుపిల్లలు, రేపు నీ బిడ్డ. అప్పుడు గూడ నాజూకనే అంటవా?"

జీవన్ ముఖంలో రంగు మారింది. దీప కన్నతల్లిని పోగొట్టుకున్న పిల్ల.

"దాన్ని తల్లిగారింటికి తోలేసి రా. పెద్దమనుషులల్ల పెట్టి తెగతెంపులు జేస్కుందాం. కాదంటవా, నేనే పోత."

సాయంత్రానికి అమృత బ్యాగు సర్దుకుంది. జీవన్ తల దించుకుని బండి తీశాడు. దీప పరుగెత్తుకొచ్చి అమృత చీర పట్టుకుంది.

"అమ్మా, యాడికి పోతున్నవ్?"

అమ్మట! నెలలోనే పిల్లకు ఏం మందు పెట్టిందో అనుకుంటూ రాములమ్మ చప్పున మనవరాలి చెయ్యి విడిపించి లాక్కుంది. అమృత పాప తల నిమరబోయి, అత్త చూపు చూసి ఆగిపోయింది. బండెక్కబోతూ వెనక్కి తిరిగింది.

"అత్తమ్మా, ఇంత జేసినందుకు నేనేమంటలేను. ఇయ్యాల ఒక్కనాడన్న ఆ కిటికీ తెరిచి ఉంచుండ్రి."

రాములమ్మ మనవరాలిని కొంగు చాటుకు తీసుకుంది. పోతూ పోతూ కూడా దాని ధ్యాస ఆ మిగిలిన ప్రాణం మీదే ఉంది. బండి మలుపు తిరిగిందో లేదో లోపలికెళ్ళి కిటికీ మూసి గడియ పెట్టింది.

దీపం పెట్టే వేళకు జీవన్ ఫోన్ చేశాడు.

"జనగామ బస్సెక్కిచ్చిన. ఏడ్సుకుంట పోయింది."

"పోనియ్. పీడ పోయింది. నువ్వు ఫికర్ జెయ్యకు."

ఎన్నాళ్ళకో రాములమ్మ గుండె తేలికైంది. బాతుపిల్ల ఒళ్ళు తుడిచింది. దిష్టి తీసింది. ఇంట్లో ఆ చూపు ఏ మూలనైనా మిగిలి ఉంటుందని ధూపం వేసే మూకుడులో నిప్పులు ఎక్కువే పోసి, సాంబ్రాణి ఇంకో పిడికెడు చల్లింది. మూకుడు పక్కన పిల్లను పెట్టి రెండింటి మీదా గంప బోర్లించింది. పొగ బయటికి పోకుండా ఎప్పటిలాగే గంప మీద పాత చీర కప్పింది.

తర్వాత దీపను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. లోపల బాతుపిల్ల కీచుకీచుమంటోంది.

"నానమ్మా, అది ఏడుస్తుంది."

"ఏడుస్తలేదు బిడ్డా. దిష్టి పోతుంది. నువ్వు గూడ చిన్నప్పుడు గిట్లనే ఒర్లేదానివి."

కాసేపటికి ఆ కీచుమనే చప్పుడు సన్నగిల్లింది. ఆ తర్వాత ఏమీ వినపడలేదు.

"సూసినవా, ఎంత హాయిగ పండుకున్నదో. ఇంక మనకేం భయం లేదు."

"ఒక్కపారి సూస్త నానమ్మా."

రాములమ్మ నవ్వుతూ చీర తీసి గంప ఎత్తింది. పొగ గుప్పున ముఖానికి కొట్టి ఆమెకే దగ్గొచ్చింది. పొగ విడిపోయాక చూస్తే బాతుపిల్ల నోరు తెరుచుకుని, మెడ చాపేసి పడి ఉంది. వేలితో కదిపింది. కదల్లేదు.

అలవాటు కొద్దీ రాములమ్మ గిరుక్కున తల తిప్పి వంటింటి గుమ్మం వైపు చూసింది.

అక్కడ అమృత లేదు.