పెద్దకోడలి కోపం

"అక్కా, భువనకి సెలవు దొరకలేదన్నావు. మరి ఇదేంటి?"

హనుమాయమ్మ చెప్పులు గుమ్మంలో తలోదిక్కూ విడిచి లోపలికొచ్చి, ఫోను తెచ్చి తోడికోడలి ముక్కు కింద పెట్టింది. వినాయక చవితి పొద్దున. బాలామణి చేతులనిండా ఉండ్రాళ్ళ పిండి. అలాగే వంగి చూసింది. ఫోటోలో సముద్రం, రెండు కొబ్బరిచెట్లు, వాటి మధ్య వాలుకుర్చీలో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూతురు భువన. పక్కనే ఇసకలో బోర్లా పడుకుని అల్లుడు మురళీకృష్ణ.

"సింగపూర్లో వాళ్ళింటి దగ్గర పార్కేమోనే," అంది బాలామణి.

"పార్కులో పడవలుంటాయా? కింద బాలి అని రాసుంది చూడు. మన చుట్టాల గ్రూపులో పెట్టి నిమిషంలో తీసేసింది. ఆలోపే నేను దాచేశా. నా కంట్లో పడదనుకుంది పాపం!"

హనుమాయమ్మ కంట్లో పడనిదంటూ తిరువూరులో ఏదీ ఉండదు. పడిందంటే మధ్యాహ్నం భోజనాల వేళకి మెయిన్ రోడ్డు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తెలిసిపోయినట్టే.

ఆ ఇంట్లో వినాయకుడు తొమ్మిది రోజులుంటాడు. ఏ దేశంలో ఉన్నా పిల్లలు చవితికి రావాలి. రెండుపూటలా నైవేద్యం పెద్దకోడలి చేత్తోనే చేయాలి. ముప్పై నాలుగేళ్ళుగా ఆ తొమ్మిది రోజులూ బాలామణి ఊరి పొలిమేర దాటలేదు. రెండో కోడలు హనుమాయమ్మ అన్నేళ్ళూ పక్కన కూర్చుని కొబ్బరి కోరిపెడుతూనే ఉంది.

"ఫోన్ చెయ్యక్కా. స్పీకర్లో పెట్టు. తేలిపోతుంది."

బాలామణి చేతులు కడుక్కుని ఫోన్ చేసింది.

"అమ్మా, ఆఫీసులో ఉన్నానే. మీటింగు," అంది భువన. వెనకనుంచి హోరుమని చప్పుడు.

"ఆ చప్పుడేంటే?"

"ఏసీ అమ్మా."

"ఏసీ కాసేపు వచ్చి కాసేపు పోతోందేం?"

"పాతదమ్మా..."

అంతలో దూరం నుంచి అల్లుడి కేక. "భువనా, నీళ్ళు భలే వెచ్చగా ఉన్నాయి! తొందరగా రా!"

హనుమాయమ్మ ఇంక ఆగలేకపోయింది. "మీటింగు నీళ్ళల్లో పెట్టారా తల్లీ?"

బాలామణి మొహం కందగడ్డయింది.

"పండగపూట కన్నతల్లికి అబద్ధం చెప్పి ఇసకలో దొర్లుతారా? ఇంట్లో దేవుడు గుర్తు రాలేదా? నలుగురికీ నేనేం సమాధానం చెప్పాలే?"

"అది కాదమ్మా, ఏటా వచ్చి పధ్నాలుగిళ్ళు తిరిగి, పధ్నాలుగిళ్ళల్లో పులిహోర తిని వెళ్తున్నాం. ఈసారి కాస్త విశ్రాంతిగా..."

"నోర్ముయ్! నేనే వస్తా అక్కడికి. ఇద్దరినీ చెవులు పట్టుకుని తీసుకొస్తా!"

ఫోను ఠక్కున పెట్టేసింది. దేవుడి గదిలో పాలవెల్లి కడుతున్న ఆవిడ భర్త వెంకటకృష్ణారావు చేతిలో మామిడాకులతో బయటికొచ్చాడు.

"పోనీలేవే, పిల్లలు..."

"మీరిలా వెనకేసుకు రాబట్టే!"

ఆయన మామిడాకులతో సహా లోపలికి పోయాడు.

బాలామణి పీటమీద కూలబడి కొంగు కళ్ళకి అద్దుకుంది. "అన్నానే గానీ, నేనెలా కదులుతాను హనుమాయ్? తొమ్మిది రోజుల నైవేద్యం. నేను గడప దాటితే ఊరు ఊరుకుంటుందా?"

హనుమాయమ్మకి నిజంగానే మనసు కరిగింది. పదిమందికీ చెప్పాలని వచ్చిన మనిషి ఆ సంగతే మర్చిపోయింది.

"నేను లేనా అక్కా? నా చేతులేమన్నా పడిపోయాయా?"

"నీకెందుకమ్మా శ్రమ. పెద్దకోడలే చేయాలని అత్తయ్యగారు..."

"అత్తయ్యగారు పోయి పదకొండేళ్ళయింది. పెద్దకోడలు ఊళ్ళో లేకపోతే రెండో కోడలు చేస్తుంది, అంతేగా! ఇవాళ పూజ కానిచ్చి రేపే బయల్దేరు. దేశం కాని దేశం, బావగారిని కూడా తీసుకెళ్ళు. నాలుగు రోజులు దగ్గరుండి బుద్ధి చెప్పి మరీ రా."

"ఎవరన్నా ఏమన్నా అంటే?"

"నేనే పంపించానని చెప్తా. ఎవరంటారో చూస్తా! ఇంతకీ పాస్‌పోర్టులున్నాయా?"

"భువన ఎప్పుడో చేయించింది. బీరువాలో ఊరికే పడున్నాయి."

"మరింకేం! ఇటివ్వు ఆ పళ్ళెం." హనుమాయమ్మ ఉండ్రాళ్ళ పిండి తన ముందుకి లాక్కుంది. మొదటి ఉండ్రం చేతిలో గుండ్రంగా తిరుగుతుంటే ఆవిడ మొహం వెలిగిపోయింది. ఎన్నేళ్ళ ముచ్చటో అది!

"పాస్‌పోర్టులు ఎక్కడున్నాయో చూసొస్తా," అంటూ బాలామణి లేచి గదిలోకెళ్ళి గడియ పెట్టింది. మంచం కింద సర్ది ఉన్న సూట్‌కేసుని కాలితో ఇంకాస్త లోపలికి తోసి, కూతురికి మళ్ళీ ఫోన్ చేసింది.

"అమ్మా! ఏమైంది?" గుసగుసగా అడిగింది భువన.

బాలామణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. "అల్లుడుగారి కేక సమయానికి పడిందే! నెల కిందట నువ్వు తీసిన మా టికెట్లు ఇంక వృథా కావు, పిన్ని చూడాలని పెట్టిన ఆ ఒక్క ఫోటో చాలు, మేం సముద్రంలో దిగాక మాత్రం ఫోటోలు పెట్టకే తల్లీ!"