బాంబూఫ్లాట్‌లో మొదటి రికార్డింగ్

బావగారూ, మన పృథ్వీ గిటారు రికార్డింగ్ ఇంట్లోనే అయిపోయింది, బ్రహ్మాండంగా అయిపోయింది!

సునామీ మీ చెల్లెలు తులసమ్మని తీసుకుపోయాక వాడు గిటారు ముట్టలేదనీ, ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదనీ మీకు తెలుసు కదా. అందుకే మన అండమాన్‌కి వచ్చే మద్రాసు ఓడలో గిటారు ప్రాసెసర్ అనే పెట్టె తెప్పించాను. గిటారుని దానికి, దాన్ని కంప్యూటరుకి తగిలించాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మోతంతా వాడి చెవుల్లోనే. మనకి తీగల టిక్కుటిక్కు తప్ప ఏమీ వినబడదు.

ఆదివారం పొద్దున్న "నాన్నా, రికార్డు చేస్తున్నా. చప్పుడు కాకుండా చూడు" అన్నాడు. గుమ్మంలో కాపలా కూర్చున్నాను.

అయ్యాక ఇద్దరం విన్నాం. ప్రాసెసర్ బదులు కంప్యూటరు మైకు ఎంచుకున్నాడట, గిటారు ఒక్క ముక్క పడలేదు. పడిందల్లా వీధిలోవాళ్లని ఇక్కడి హిందీ కలిపి కసురుతున్న నా గొంతే!

"చేపల భయ్యా, అరవకు, అందర్ రికార్డింగ్ చాలూ హై!"

"దీదీ, గిన్నెలు బాద్ మే, తర్వాత తోముకో!"

"చుప్! చుప్!"

నాలుగు నిమిషాలూ అదే. నా మనసు చివుక్కుమంది. వాడేమో "చప్పుడు చెయ్యొద్దన్న చప్పుడే ఉంది నాన్నా!" అంటూ పొట్ట పట్టుకుని నవ్వాడు. మళ్లీ పెట్టుకుని మళ్లీ నవ్వాడు. రెండేళ్ల తర్వాత, బావగారూ!

అనకాపల్లి పెద్దక్కకి, తుని చిన్నాన్నకి, విశాఖ వదినకి, పలాస మేనత్తకి తప్పకుండా చెప్పండి. రికార్డింగ్ సంగతి కాదు, వాడు నవ్వాడని. తులసమ్మకి మాత్రం రేపు చాతం రేవుకి వెళ్లే ఫెర్రీలోంచి, సముద్రంలోకి చూస్తూ నేనే చెప్పుకుంటాను.