అంటించిన కవరు

"ఎవరికేశావు?"

మార్నా ఓటు కాగితాన్ని మడిచి కవర్లో పెట్టింది. అంచు నాలుకతో తడిపి అంటించింది. ఆ అంచు మీదుగా సంతకం చేసింది.

అమెరికాలో, ఒరెగాన్ రాష్ట్రంలో అంతే. ఓటు టపాలో ఇంటికే వస్తుంది. కాఫీ కప్పు పక్కన పెట్టుకుని వేస్తారు. కవరు మీద సంతకం చేసి, లైబ్రరీ ముందున్న పెట్టెలో పడేసి వస్తారు. క్యూ లేదు, తెర లేదు. ఆ తెర లేకపోవడమే ఇప్పుడు ఈ వంటింట్లో గొడవ.

"నిన్నే అడుగుతున్నా. ఎవరికేశావు?" అన్నాడు వెస్.

"నీ టోస్టు మాడుతోంది చూసుకో."

ఓట్లకు ఇవాళే ఆఖరు. అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో సీటుకు ఇద్దరి మధ్యే గట్టి పోటీ. హాగెన్, కర్ట్ డేలీ. వెంట్రుకవాసిలో తేలుతుందని పేపర్లన్నీ రాస్తున్నాయి. ఈ ఎన్నిక కోసం వెస్ వానలో తడిసి, ఎక్కే గుమ్మం దిగే గుమ్మంగా తిరిగి, గొంతు పోగొట్టుకున్నాడు. ఇంటి ముందు పచ్చికలో హాగెన్ బోర్డు తన చేతులతోనే పాతాడు. కానీ ఇవాళ అతన్ని తొలిచేస్తున్నది ఎన్నిక కాదు.

కర్ట్ డేలీ. హైస్కూల్లో మార్నాను డాన్స్‌కు తీసుకెళ్ళినవాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా వెస్ కడుపులో ఆ మంట ఆరలేదు. మొన్న ఫైర్ స్టేషన్‌లో పీతల విందు జరిగితే, ఆ కర్ట్ ఊరంతా చూస్తుండగా పీత డిప్ప పగలగొట్టి, మాంసం తీసి మార్నా పళ్ళెంలో పెట్టాడు. పైగా ఏదో జోకేశాడు. మార్నా తల వెనక్కి వేసి నవ్వింది. అప్పట్నుంచీ వెస్‌కు తిండి సయించడం లేదు.

"వాడికే వేసుంటావు."

"ఎవరికి?"

"ఎవరికేంటి! పీతలు వలిచిపెట్టినవాడికి."

"వలిచిపెడితే తిన్నాను. నువ్వేమో ఊళ్ళోవాళ్ళకి చేతులు కలుపుతూ తిరుగుతున్నావు. నాకాకలేసింది."

"అంత నవ్వెందుకొచ్చిందో?"

"జోకు బాగుంది. నీకూ ఒకటి చెప్పనా?"

"అక్కర్లేదు."

రేడియోలో ప్రకటన మొదలైంది. హాగెన్ గొంతు. పొద్దున్నుంచీ వేసిందే మళ్ళీ మళ్ళీ వేస్తున్నారు.

"శిక్ష అనుభవించి బయటికొచ్చినవాడికి ఓటు తిరిగివ్వాలి. పద్దెనిమిది నిండిన ప్రతి ఒక్కరి పేరూ అడక్కుండానే ఓటర్లలో చేర్చాలి. నియోజకవర్గాల హద్దులు గెలిచినవాళ్ళు గీసుకోకూడదు. ఓటు ఎవరిది వాళ్ళ సొంతం. యజమాని కానీ, పాస్టర్ కానీ, మొగుడు కానీ, ఇంకొకరి ఓటులోకి తొంగిచూసేవాడు దొంగ!"

"ఆహా!" అంది మార్నా. "విన్నావా హాగెన్ ఏమంటున్నాడో? ఇదిగో, ఈ రేడియోలో ఉన్నాయనకే వేశాను. సరేనా?"

"ముందు దాన్ని కట్టెయ్."

"ఎందుకూ? ఊరంతా వింటోంది. నువ్వూ విను."

"ఒట్టు పెట్టు."

"పెట్టను. ఒట్లు పెట్టి ఓట్లు చూపించుకోవడానికేనా ఈ కవరు అంటించింది? నా మాట చాలకపోతే నేనేం చెయ్యను?"

కవరు బల్ల మీద పెట్టి, వానకోటు కోసం లోపలికెళ్ళింది.

వెస్ కవరు వంక చూశాడు. వెలుతురుకు పట్టి చూశాడు. ఏమీ కనపడలేదు. తలుపు వంక చూశాడు. పీత డిప్ప గుర్తొచ్చింది. ఆ నవ్వు గుర్తొచ్చింది.

బొటనవేలు అంచు కింద దూర్చాడు. సంతకం మధ్యగా చర్రున చిరిగింది.

కాగితం విప్పాడు. హాగెన్ పేరు పక్కనున్న సున్నా నల్లగా, నిండుగా దిద్ది ఉంది. కర్ట్ పేరు పక్కన సున్నా తెల్లగా ఉంది.

వెస్‌కు ఊపిరొచ్చింది. వెర్రివాడిలా నవ్వాడు. తలెత్తేసరికి మార్నా గుమ్మంలో ఉంది. కోటు ఒక చెయ్యే తొడుక్కుంది.

"మార్నా! ఇదేదో ముందే చెప్పొచ్చుగా!"

"చెప్పాను."

"నమ్మేలా చెప్పొచ్చుగా!"

వెస్ గబగబా సొరుగులు లాగాడు. "టేపెక్కడుంది? పోనీ కౌంటీ ఎన్నికల ఆఫీసుకు పోదాం పద. పాడైపోయిందంటే ఇంకోటిస్తారు. కార్లో నేనే తీసుకెళ్తా. మళ్ళీ ఇలాగే దిద్దితే సరిపోతుంది."

"నువ్వు పక్కన నిలబడి చూస్తావా?"

"ఛ! ఇక చూడ్డానికేముంది? తెలిసిపోయిందిగా."

మార్నా అతని చేతిలోంచి కాగితం లాక్కుంది. కవరు కూడా లాక్కుంది. కట్టెల పొయ్యి మూత తీసి రెండూ లోపల పడేసింది.

"పిచ్చా నీకు? ఒక్క ఓటుతో కూడా తారుమారయ్యే ఎన్నికే ఇది!"

"అవును. అది నాది."

తొడుక్కున్న కోటు విప్పి కుర్చీ మీద వేసింది. కుర్చీలో కూర్చుంది. మాడిన టోస్టు గీకడం మొదలుపెట్టింది. వెస్ పొయ్యి ముందు వంగి, పట్టుకారుతో కెలికాడు. నుసి తప్ప ఏమీ రాలేదు.

"నన్ను కొట్టినా బాగుండేది," అన్నాడు.

"అంత ఓపిక లేదు."

ఫోను మోగింది. మార్నా ఎత్తింది. అవతలి మాట విని, అతని ముందు పెట్టింది.

"నీకే. రేడియో స్టేషన్ వాళ్ళు. ఓటు ఎవరిది వాళ్ళ సొంతమన్న మాట గురించట. ఊరంతా వింటోందట, ఉన్నమాట చెప్పు."

అభ్యర్థి వెస్ హాగెన్ చేతికంటిన మసి ప్యాంటుకు తుడుచుకుని, గొంతు సవరించుకుని, తన ఓటర్లతో అన్నాడు: "మా ఇంట్లోనూ అంతే, మా ఆవిడ ఎవరికి ఓటేసిందో నేనింతవరకూ అడిగిన పాపాన పోలేదు."