బురద కాళ్ళు

"కాళ్ళు కడుక్కుంటావా, రేపట్నుంచి పనికి రావడం మానేస్తావా? రెండింట్లో ఏదో ఒకటి ఇప్పుడే తేల్చు," అన్నాడు మేస్త్రీ.

నాట్లు ముగించిన ఆడవాళ్ళంతా కాలవలో కాళ్ళూ చేతులూ కడుక్కుని ట్రాక్టర్ ఎక్కేశారు. ఒక్క బురదమ్మే మోకాళ్ళ దాకా నల్ల బురదతో గట్టు మీద నిలబడి ఉంది. ఆ మనిషికి అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది. పనిలో చేరిన వారానికే ఈ పేరు స్థిరపడిపోయింది.

"ఇంకేదైనా చెప్పండి మేస్త్రీ గారూ. అందరికంటే ముందొస్తాను, కావాలంటే ఇంకో మడి ఎక్కువ నాటుతాను. అది మాత్రం అడక్కండి," అందామె.

ట్రాక్టర్లో కిసకిసలు మొదలయ్యాయి. గుట్ట మీది వాళ్ళకి నీళ్ళంటే పడదంది ఒకావిడ. పుట్టినప్పుడు పోసిన స్నానమే వాళ్ళకి ఆఖరుదంది ఇంకొకావిడ. అందరిలోకీ పెద్దదైన పెద్దక్క మాత్రం నవ్వలేదు. ఆ కాళ్ళు ట్రాక్టర్ ఎక్కితే తను దిగిపోతానని, తన వెనకాలే అందరూ దిగుతారని తెగేసి చెప్పింది. ఎక్కనులే పెద్దక్కా, రోజూ నడిచే కదా పోతున్నానంది బురదమ్మ.

మేస్త్రీకి ఏం చెయ్యాలో పాలుపోలేదు. ఆమె నాటిన మడి గీత గీసినట్టుంటుంది. పోనీ పొగరా అంటే, మాట నెమ్మది. సోమరితనమా అంటే, నడుం ఎత్తకుండా పని చేస్తుంది. ఇక మిగిలింది తలతిక్కే. మొన్న అన్నాల దగ్గర, "వచ్చే ఏడు నా చేలో కోతకి మీరంతా రావాలి," అని పిలిచింది కూడాను. ఆమెకున్నదల్లా గుట్ట మీద గడ్డిపరక మొలవని బండ, దాని మీదో గుడిసె. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంటూ అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. మేస్త్రీకి పొలమారింది.

"సరే అయితే. రేపు రాకు," అన్నాడు.

ఆమె కళ్ళు నిండాయి. గట్టు దిగి, పెళ్ళికూతురిలా అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళిపోయింది. నడకకేం తక్కువ లేదని ట్రాక్టర్ మళ్ళీ నవ్వింది.

అందరూ వెళ్ళాక చూస్తే ఆమె క్యారేజీ గట్టు మీదే ఉంది. రేపు దీని వంకతో వచ్చి మళ్ళీ బతిమాలుకుంటుంది, ఈ పీడ ఇవాళే వదిలించుకుందామనుకున్నాడు మేస్త్రీ. అలవాటుగా కాళ్ళు శుభ్రంగా కడిగి తుడుచుకుని, క్యారేజీతో సైకిలెక్కాడు.

సైకిల్ కింద వదిలేసి గుట్ట ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. గుడిసె ముందు బండ మీద బురదమ్మ కూర్చుని ఉంది. ముసలి అత్త చెంబుతో నీళ్ళు పోస్తుంటే, వేళ్ళ సందులు కూడా వదలకుండా కాళ్ళు రుద్దుకుంటోంది. మేస్త్రీకి ఒళ్ళు మండింది. కాలవ నిండా నీళ్ళుంటే ముట్టుకోని మనిషికి, గుక్కెడు నీళ్ళు కావాలన్నా గుట్ట దిగాల్సిన చోట కాలు కడుక్కోవాలనిపించిందా!

"ఏం, మా కాలవ నీళ్ళు నీ కాళ్ళకి పనికిరాలేదా?"

ఆమె ఉలిక్కిపడి లేచి పక్కకి జరిగింది. అప్పుడు కనిపించింది మేస్త్రీకి. చుట్టూ రాళ్ళు పేర్చి ఉన్నాయి. వాటి మధ్య గోనెసంచి పరిచినంత మేర బెత్తెడు ఎత్తున నల్లటి మట్టి. ఆమె కాళ్ళు కడిగిన బురద నీళ్ళు అందులోకే ఇంకుతున్నాయి. ఒక పక్కగా రెండు వరసల చిక్కుడు మొలకలు అప్పుడే ఆకు విప్పాయి.

"అయ్యగారి చేలో మట్టేనండీ," అంది ఆమె. "చేత్తో పిడికెడు కూడా తియ్యలేదు. కాళ్ళకి అంటుకున్నదే తెచ్చుకున్నాను. అదీ దొంగతనమే అంటారేమోనని చెప్పలేదు."

ఇంటికొచ్చిన మనిషని అత్త చెంబు అందించబోయింది. అతని కాళ్ళు చూసి, ఇక్కడ కడగడానికేముందని ఆగిపోయింది. బుద్ధెరిగాక మొదటిసారి, తన కాళ్ళు శుభ్రంగా ఉన్నందుకు మేస్త్రీకి సిగ్గేసింది. క్యారేజీ గుమ్మంలో పెట్టి, రేపు పెందలాడే పనికి రమ్మని చెప్పి గుట్ట దిగాడు.

మర్నాడు సాయంత్రం పెద్దక్క కాలవలో కాలు పెట్టబోతుంటే, మేస్త్రీ కర్ర అడ్డం పెట్టాడు.

"కడక్కు పెద్దక్కా. అందరూ ఇలాగే ట్రాక్టర్ ఎక్కండి, బురదమ్మతో సహా. గుట్ట మీద ఆ అమ్మాయి పొలం ఉంది, అక్కడ కడుక్కుందాం."