మంచానికి ఏ పక్క

"టీలో చక్కెర ఎంత?"

"చెంచాన్నర."

"ఏ చెవి సరిగ్గా వినపడదు?"

"ఎడమది."

ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చుని ఆమె తనే ప్రశ్న వేసుకుని తనే జవాబు చెప్పుకుంటోంది. పెదవులు కదులుతున్నాయి గాని గొంతు రావడం లేదు. చేతిలోని కాగితం చెమటకు మెత్తబడి మడతల దగ్గర చిరుగుతోంది.

అతనికి తను పనిచేసే బేకరీ తరఫున ఈ దేశంలో శాశ్వత నివాసం కార్డు వచ్చి ఏడాదయింది. అతని భార్యగా ఇప్పుడు ఆమెకూ రావాలి. రావాలంటే వీళ్ళిద్దరూ నిజంగా మొగుడూ పెళ్ళాలేనని లోపలున్న ఆఫీసరు నమ్మాలి. ఆమె పని పర్మిట్ ఈ నెలాఖరుతో సరి. ఆఫీసరు నమ్మకపోతే పెట్టె సర్దుకుని దేశం దాటాల్సిందే.

ఆ కాగితం లాయరు ఇచ్చాడు. ఎనభై రెండు ప్రశ్నలు. అతను తన జవాబులు రాసి వంటింటి గట్టు మీద పెట్టాడు. ఆమె తనవి రాసి అక్కడే పెట్టింది. నెల రోజులు పరీక్షకు చదివినట్టు చదివారు. ఒకరికొకరు అప్పజెప్పుకున్నది కూడా ఫోన్లోనే. అతను సిగరెట్ ఎప్పుడు మానేశాడో, ఈమధ్య ఏ మాత్ర వేసుకుంటున్నాడో, బూట్ల సైజెంతో, అన్నీ ఆమెకు కంఠతా వచ్చేశాయి.

"అడిగినదానికే జవాబు చెప్పమ్మా," అన్నాడు లాయరు ఆ కాగితం ఇస్తూ. "ఒక్క మాట ఎక్కువ చెప్పావంటే దాంట్లోంచి పది ప్రశ్నలు పుడతాయి. మీ ఆయనకీ అదే చెప్పాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారే, ఈ ఆఫీసు మాత్రం నోరు మూసుకుంటేనే మంచిది."

అతను వేరే బస్సులో వచ్చి పక్కన కూర్చున్నాడు. కళ్ళు జేవురించి ఉన్నాయి. కణతల దగ్గర అన్ని తెల్లవెంట్రుకలున్నాయని ఆమె ఇప్పుడే చూసింది. అది కాగితంలో లేదు. అడిగితే ఏం చెప్పాలి?

"కాస్త దగ్గరగా జరుగు," అన్నాడతను గొంతు తగ్గించి. "అందరూ చూస్తున్నారు."

జరిగింది. మోచేతులు తగిలాయి. బస్సులో పక్క సీటువాళ్ళలా ఇద్దరూ సర్దుకున్నారు.

అంతలో తలుపు తెరుచుకుని, వీళ్ళకంటే ముందు లోపలికి వెళ్ళిన జంట బయటికొచ్చింది. ఆ అమ్మాయి ఏడుపు ఆపుకుంటోంది. ఆ అబ్బాయి చేతిలో ఎర్ర చీటీ ఉంది. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా చెరో దారి పట్టారు.

ముందు ఆమెనొక్కదాన్నే పిలిచారు.

ఆఫీసరు పెద్దావిడ. కళ్ళజోడు తాడుకు కట్టి మెడలో వేలాడేసుకుంది. కసురుకోలేదు. కసురుకున్నా బాగుండేదనిపించింది ఆమెకు. చక్కెర అడిగింది, చెవి అడిగింది, మాత్ర అడిగింది. ఆమె ఎక్కాలు ఒప్పజెప్పినట్టు గడగడా చెప్పేసింది.

ఆఫీసరు కలం ఆగింది.

"బాగా చదువుకుని వచ్చారు," అంది.

ఆమె కాగితాన్ని పిడికిట్లో దాచుకుంది.

"ఇంట్లో మంచాలెన్ని?"

"ఒకటేనండీ."

"మీరు మంచానికి ఏ పక్క పడుకుంటారు?"

ఇది జాబితాలో లేదు. లాయరు మర్యాదస్థుడు. ఆయన ప్రశ్నలు వంటింట్లో, హాల్లో తిరిగి తిరిగి పడకగది గడప దగ్గర ఆగిపోయాయి. ఇప్పుడు కుడి అనాలా, ఎడమ అనాలా? తను కుడి అంటే అతనూ కుడి అంటాడేమో. అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు. పైప్రాణాలు పైనే పోతుంటే అతికించడం ఎవరి తరం? ఉన్నమాట చెప్పేసింది.

"మధ్యలో."

ఆఫీసరు ఒకసారి తలెత్తి చూసి రాసుకుంది.

ఆమెను బయటికి పంపి అతన్ని పిలిచారు. ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో ఆమె మనసులోనే మూడుసార్లు పెట్టె సర్దింది. మూడుసార్లూ అతని చొక్కా ఒకటి అడుగున పెట్టుకుంది.

తర్వాత ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టారు. ఆఫీసరు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది.

"అన్ని జవాబులూ అచ్చు గుద్దినట్టు కలిశాయి. అదే నాకు నచ్చలేదు," అంది. "ఇక ఇది చూడండి. ఇంట్లో ఉన్నది ఒకటే మంచం. ఆవిడ మధ్యలో పడుకుంటానన్నారు. మీరూ మధ్యలోనే అన్నారు. ఒకే మంచానికి మధ్యలో ఇద్దరెలా పడుకుంటారో కాస్త చెప్పండి."

ఆమె అంతా తన నోటి వల్లే అనుకుంది. ఆఫీసరు చెయ్యి ఎర్ర చీటీల కట్ట మీదికి వెళ్ళింది.

అతను గొంతు సవరించుకున్నాడు. ఆఫీసరు వైపు కాకుండా నేల వైపు చూస్తూ, తప్పు ఒప్పుకుంటున్నవాడిలా చెప్పాడు.

"పెళ్ళయ్యాక మొదటి ఐదేళ్ళూ పక్కపక్కనే పడుకున్నామండీ, ఇక్కడికొచ్చాక ఈ నాలుగేళ్ళుగా మాత్రం, తను తెల్లారగట్ల డ్యూటీకి వెళ్ళిపోయాక నేను రాత్రి డ్యూటీ నుంచి వచ్చి, తను లేచిన చోటే, దుప్పటి ఇంకా వెచ్చగా ఉండగానే పడుకుంటున్నాను."