క్లిప్పులకు ముందు ఎక్స్‌రే

నొప్పి లేని పంటికి జబ్బు లేదని లోకం నమ్మకం. ముప్పై ఏళ్లుగా పళ్లకు క్లిప్పులు వేస్తున్న డాక్టరూ అదే నమ్మాడు.

ఇప్పుడు ఆయన బల్లమీది ఎక్స్‌రేలో, ఎదుట కూర్చున్న అమ్మాయి ముందుపళ్ల వేర్లు సగానికి పైగా కరిగిపోయి కనిపిస్తున్నాయి.

"దెబ్బ తగల్లేదు, రక్తపరీక్షలూ బాగానే ఉన్నాయి. ఇంకేం మిగిలింది, మీ క్లిప్పులు తప్ప?" అంది తల్లి. "నీళ్లు నమలకండి. అవునా, కాదా?"

"ఉండమ్మా, నువ్వే ఆయన్ని కరిచేట్టున్నావు," అంది కూతురు.

క్లిప్పులు వేయకముందు తీసిన ఎక్స్‌రే బీరువాలో ఉంది. అందులో వేర్లు నిండుగా ఉంటే దోషం తనదే. డాక్టరు దాన్ని వెతికి తీసి, వెలుగుకు ఎత్తిపట్టాడు.

వేర్ల కొసలు అప్పటికే కరిగి ఉన్నాయి.

తల్లి తొంగిచూసింది. ఆమె గొంతు తగ్గింది. "అయితే మీవల్ల కాదన్నమాట."

"క్లిప్పులతో మొదలవలేదమ్మా. కానీ ఆ రోజే ఇది చూసుంటే క్లిప్పులు వేసేవాణ్ణే కాదు. అమ్మాయి నొప్పి లేదంది కదా అని, ఎక్స్‌రే చూడకుండానే బీరువాలో పెట్టేశాను."

ఆయన కేసు కాగితం తీసి, తల్లికి కనబడేలా రాశాడు: "పంటి వేర్లు కరుగుతున్నాయి. కారణం తెలియదు. క్లిప్పులకు ముందే ఉంది. డాక్టరు చూడలేదు."

కింద సంతకం చేశాడు.